గద అట్టదే... కష్టం అసలుదే!

తెర వెనుక పేరులేని చేతులు

రాజమహేంద్రవరం:

రాత్రి పది దాటింది. రామాలయం ఎదుట చాపలు, గోనె పట్టాలు పరుచుకుని జనం కూర్చున్నారు. తెర వెనుక హార్మోనియం శ్రుతి సరిచూస్తున్నారు. కృష్ణుడు కిరీటం సర్దుకుంటున్నాడు. దుర్యోధనుడు మీసం అంటించుకుని లేచాడు. అంతలో కంగారు మొదలైంది. గద కనిపించడం లేదు!

పెట్టెలన్నీ తిరగేశారు. చివరికి అది తెరతాడు కట్టిన గుంజ వెనుక ఓ కుర్రవాడి చేతిలో దొరికింది. వాడు అప్పటికే దాంతో ఇద్దరు స్నేహితులను మోది వచ్చాడు. గద పైపూత ఓ మూల లేచిపోయింది. సామాను చూసే మనిషి వాణ్ణి కసిరి, సిగరెట్ పెట్టెలోని వెండికాగితం ముక్క ఒకటి జిగురుతో అంటించి, వేలితో రుద్ది, దుర్యోధనుడి చేతికిచ్చాడు. తెర లేచింది. ముందు వరుసలో కూర్చున్నవారికి కూడా అతుకు తెలియలేదు.

గోదావరి డెల్టా గ్రామాల్లో నాటకం ఆడే రాత్రుల్లో ఇలాంటి హడావిడి కొత్త కాదు. పద్యం అందుకున్నవాడికి ఈలలు, చప్పట్లు పడతాయి. వన్స్‌మోర్‌లు పడతాయి. ఆ గదను తయారుచేసినవాడి ఊసు మాత్రం ఎవరికీ పట్టదు. నాటకం సామాను ఎలా తయారవుతుంది, ఎక్కడి నుంచి వస్తుంది అని ఆరా తీస్తే ఆ దారి ఊళ్లోని మేదరి ఇంటికి, కుమ్మరి వామికి, వడ్రంగి కొట్టుకు, కలిగినవారి పడకటింటికి, పెరట్లోని ఆనపపాదుకు కూడా వెళుతుంది.

తొలి పాకే ఇతరులది

ఉన్నదానితో సర్దుకోవడం తెలుగు నాటకానికి పుట్టుకతో వచ్చిన గుణం. 1880లో ధార్వాడ నాటక సమాజం వారు రాజమహేంద్రవరం వచ్చి ప్రదర్శనలు ఇచ్చారు. వారు వెళ్లిపోయిన తరువాత, వారు వేసుకున్న పాకలోనే కందుకూరి వీరేశలింగం పంతులు తన విద్యార్థుల చేత నాటకాలు ఆడించారు. అంటే మన ఆధునిక రంగస్థలానికి మొదటి వేదికే ఇతరులు విడిచి వెళ్లిన పాక అన్నమాట.

ఆ తరువాత ఇదే పట్టణంలో ఇమ్మానేని హనుమంతరావు నాయుడు నడిపిన సమాజం కోసం చిలకమర్తి లక్ష్మీనరసింహం నాటకాలు రాసి ఇచ్చారు. వాటిలో 'గయోపాఖ్యానం' పేరెన్నికగన్నది. ఆ రోజుల్లో ఇక్కడ చదువుకుంటున్న టంగుటూరి ప్రకాశం కూడా ఈ సమాజంలో వేషాలు కట్టారు. కృష్ణుడు, అర్జునుడు ఎదురెదురుగా నిలిచి పోరుకు దిగే నాటకం అది. ఒకరి చేతిలో చక్రం, మరొకరి చేతిలో గాండీవం లేకపోతే కథ నడవదు.

ఇక తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాల సంగతి చెప్పనక్కరలేదు. జంటకవుల్లో దివాకర్ల తిరుపతిశాస్త్రిది పశ్చిమ గోదావరిలోని యండగండి. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిది తూర్పున ఉన్న కడియం. గోదావరికి ఈ గట్టు నుంచి ఒకరు, ఆ గట్టు నుంచి ఒకరు వచ్చి రాసిన పద్యాలు రచ్చబండల దాకా వెళ్లాయి. పద్యం వెళ్లిన చోటికల్లా గద, శంఖం, మురళి కూడా వెళ్లవలసి వచ్చింది.

పట్టణాల్లో కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్, ఏలూరులో బందా కనకలింగేశ్వరరావు నడిపిన ప్రభాత్ థియేటర్ వంటి సంస్థలు వెలిశాయి. ఊళ్లలో అలాంటి సంస్థలేవీ లేవు. ఊరే సంస్థ. సామాను కూడా ఊరిదే.

కుండ మీద పుట్టే గద

గదను చూస్తే ఇనుప గుండులా కనిపిస్తుంది. ఎత్తి చూస్తే చంటిబిడ్డ బరువు కూడా ఉండదు. ఆ తేలికదనంలోనే పనితనం ఉంది.

ముందు గుండ్రంగా ఉన్న చిన్న కుండ ఒకటి ఏరుకుంటారు. జిగురు అంటుకోకుండా దానికి నూనె రాస్తారు. పాత దినపత్రికలు చింపి, చింతగింజల పిండితో కాచిన జిగురులో ముంచి కుండ చుట్టూ అతికిస్తారు. ఒక వరుస ఎండిన తరువాతే రెండో వరుస వేయాలి. తొందరపడి తడి మీద తడి వేస్తే లోపల బూజు పడుతుంది. జిగురులో చిటికెడు మైలుతుత్తం కలిపితే పురుగు పట్టదు. నాలుగైదు వరుసలు ఎండి డొప్ప గట్టిపడ్డాక, దాన్ని మధ్యకు కోసి కుండను బయటకు తీస్తారు. రెండు డొప్పలను వెదురు బొంగుకు ఇరువైపులా చేర్చి మళ్లీ కాగితంతో అతుకుతారు.

ఆ పైన నగిషీ. పల్లెల్లో ఆడవాళ్లు చాటలకు, బుట్టలకు మెత్తే ముద్ద ఉంది కదా! కాగితాలు, మెంతులు నానబెట్టి రుబ్బిన ఆ ముద్దే ఇక్కడా పనికివస్తుంది. పురికొస చుట్టి దాని మీద ఈ ముద్ద మెత్తితే కట్లు తేలతాయి. గరుకు కాగితంతో రుద్ది, తెల్లరంగు పూసి, దానిపై పసుపు రంగు వేసి, చివరగా కాకిబంగారం అంటిస్తారు. మంచి ఎండలున్న రోజుల్లో కూడా పని పూర్తయ్యేసరికి వారం పడుతుంది. ముసురు పడితే చెప్పలేం.

ఇంత శ్రమ ఎందుకు, వడ్రంగి చేత చక్కగా కొయ్య గద చేయించుకోవచ్చు కదా అని అనిపించవచ్చు. సమాధానం పద్యంలో ఉంది. దుర్యోధనుడు గద భుజాన వేసుకునే రాగం తీయాలి. ఒక చరణం తరువాత మరో చరణం, ఆఖరున ఊపిరి బిగబట్టి సాగదీసే ఆలాపన. పైగా జనం వన్స్‌మోర్ కొడితే మళ్లీ మొదటి నుంచి పాడాలి. తెల్లవార్లూ ఆ బరువు మోస్తే భుజం పడిపోతుంది, గొంతు కూడా పడిపోతుంది. కిరీటం సంగతీ అంతే. అది కణతలను నొక్కితే శ్రుతి కుదరదు. భుజకీర్తులు బరువైతే చెయ్యి లేవదు.

ఇది మన ఊరివాళ్లు ఈమధ్య కనిపెట్టిన కిటుకు కూడా కాదు. భరతుని నాట్యశాస్త్రంలోనే ఈ మాట ఉంది. రంగం మీద నిజమైన లోహపు ఆయుధాలు, బరువైన బంగారు నగలు వద్దని, నటుడు అలసిపోతాడని, వెదురు, లక్క, బట్ట వంటి తేలిక వస్తువులతో చేసుకోవాలని అందులో చెప్పారు. ఆయుధంతో నిజంగా కొట్టకూడదని, తాకినట్టు చేయాలని కూడా ఉంది. ఆ గ్రంథం పేరు కూడా వినని మనిషి పెరట్లో కూర్చుని అదే సూత్రం ప్రకారం పని చేసుకుపోతున్నాడు.

వెదురు, బెండు, ఆనప బుర్ర

డెల్టాలో రాయి దొరకదు, ఇనుము దొరకదు. దొరికేది మట్టి, ఆకు, నార, చెక్క. వెదురు మాత్రం ఎగువన ఏజెన్సీ కొండల నుంచి వస్తుంది. ఒకప్పుడు తెప్పలుగా కట్టి గోదావరి మీద వదిలితే రాజమహేంద్రవరం రేవుకు చేరేది. మేదరులు దాన్ని చీల్చి తడికలు, బుట్టలు అల్లేవారు. నాటకాల వాళ్లకు ఆ చీలికలే విల్లంబులు. పడగ విప్పిన శేషుడికైనా, రథచక్రానికైనా లోపలి అస్థిపంజరం వెదురు బద్దలతోనే తయారవుతుంది.

విల్లు చేయడంలో ఓ జాగ్రత్త ఉంది. నారి బిగువుగా కట్టకూడదు. బిగిస్తే ఎప్పుడో ఒకప్పుడు తెగి ఎవరి కంట్లోనో తగులుతుంది. బాణం కొనకు బెండు ముక్క గుచ్చి వెండిరంగు పూస్తారు. సీతాకల్యాణంలో శివధనుస్సు మరో రకం. అది విరగాలి, మళ్లీ రేపటి ఆటకు అతకాలి. రెండు ముక్కలుగా చేసి మధ్య చిన్న మేకుతో కలిపి, అతుకు మీద కాగితం చుడతారు. రాముడు వంచగానే మేకు జారుతుంది. అదే క్షణంలో తెర వెనుక తాటాకు టపాకాయ పేలాలి. ముందు పేలితే నవ్వులపాలు, తరువాత పేలితే మరీ నవ్వులపాలు.

పెళ్లి బాసికాలు చేసే బెండుతోనే కిరీటాల పువ్వులు, మొగ్గలు చెక్కుతారు. నారదుడి తంబురకు, మునుల కమండలానికి పెరట్లో ముదిరి ఎండిన ఆనపకాయ చాలు. లోపలి గుజ్జు, గింజలు తీసి ఎండబెట్టి రంగు వేస్తారు. హరిశ్చంద్ర నాటకంలో కాటి సీనుకు పుర్రెలు కావాలి. వాటికీ ఆనప బుర్రే ఆధారం. కళ్లు, ముక్కు కోసి సున్నం పూసి, కాస్త మసి రుద్దితే చీకట్లో చూసిన పిల్లలు జడుసుకోవలసిందే. మునుల గడ్డాలకు గోగు నార, చక్రానికి పాత నూనె డబ్బా రేకు. రేకు అంచును లోపలికి మడిచి కొట్టకపోతే కృష్ణుడి వేలే తెగుతుంది.

ఊళ్లో దొరకనివి బయట నుంచి తెచ్చుకోవాలి. వెల్వెట్, సాటిన్, జరీ అంచులకు రాజమహేంద్రవరం తాడితోట. మెరిసే హారాలకు కృష్ణా జిల్లా మచిలీపట్నం దగ్గరి చిలకలపూడి. అక్కడి గిల్టు నగలకు ఎప్పటి నుంచో పేరుంది. దండలకు కడియపులంక పూల మార్కెట్ ఎటూ ఉంది. చెళ్లపిళ్లవారి పద్యం కడియానిదే, కృష్ణుడి మెడలో దండా కడియం వైపుదే.

పందిరిమంచం కథ

తయారుచేయలేనివి అరువు తేవాలి. అందులో అన్నింటికన్నా పెద్దది మంచం.

శ్రీకృష్ణ రాయబారంలో పడక సీను లేకుండా జనం ఒప్పుకోరు. కృష్ణుడు నిద్ర నటిస్తుంటాడు. తల దగ్గర దుర్యోధనుడు, కాళ్ల దగ్గర అర్జునుడు. నులకమంచం వేస్తే ద్వారకలా ఉండదు. అందుకని ఊళ్లో పందిరిమంచం ఉన్న ఇంటికి పెద్దమనుషులు వెళ్లి అడుగుతారు. ఆ ఇంటి ఇల్లాలు ఓ పట్టాన ఒప్పుకోదు. అది పుట్టింటివారు సారెలో పెట్టిన మంచం. చివరికి నలుగురి మాట మీద ఒప్పుకుని, గీత పడకూడదని, తెల్లవారేసరికి ఇంటికి చేరాలని షరతు పెడుతుంది. ఆ రాత్రి ఆవిడ ముందు వరుసలో కూర్చుని కృష్ణుణ్ణి కాదు, మంచాన్నే చూస్తుంది.

ద్రౌపదీ వస్త్రాపహరణానికి చీరలు కావాలి. ఒకదాని కొసకు మరొకటి కుట్టి, చుట్టగా చుట్టి, దుశ్శాసనుడు లాగే కొద్దీ వచ్చేటట్టు అమర్చాలి. ఎక్కడ ముడి పడినా దేవుడు దయ తలచనట్టే. ఆ చీరలు పదిళ్ల నుంచి వస్తాయి. ఏది ఎవరిదో గుర్తుంచుకుని, ఆట అయ్యాక ఉతికి, మడతపెట్టి ఎవరివి వారికి చేర్చే బాధ్యత చాలా ఊళ్లలో రజకుల మీదే పడేది. వెనుకటి రోజుల్లో వీధి భాగవతాలకు దివిటీలు పట్టిందీ వారే. కరెంటు లేని కాలంలో ఆ వెలుగే రంగస్థలం.

కొన్ని అరువులకు చట్టం అడ్డం వచ్చింది. విశ్వామిత్రుడికి జింకచర్మం, శివుడికి పులిచర్మం పాత జమీందారుల ఇళ్ల నుంచి తెచ్చేవారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక తగిన ధ్రువపత్రం లేకుండా అటువంటివి ఇంట్లో ఉంచుకోవడమే నేరం. అప్పటి నుంచి గుడ్డ మీద చారలు, చుక్కలు దిద్దుకుంటున్నారు. నెమలిపించం మాత్రం సహజంగా రాలిన ఈకలతో చేసినది వాడుకోవచ్చు.

పద్యనాటకంలో మరో చిక్కు ఉంది. ఒకే నాటకంలో కృష్ణుడి పాత్రను ఇద్దరు ముగ్గురు పంచుకుంటారు. పడక సీనుకు ఒకరు, రాయబారానికి మరొకరు. మనుషులు మారినా కృష్ణుడు మారకూడదు. మొదటి కృష్ణుడు తెర దాటగానే ఆ పించం, ఆ మురళి రెండో కృష్ణుడికి అందాలి. లేదా అచ్చం అలాంటివే రెండో జత ఉండాలి. ఆ లెక్క నటులకు ఉండదు. సామాను చూసేవాడికి ఉండాలి.

చిప్పల్లో గుర్రం, రేకులో ఉరుము

కనపడే సామాను ఒక ఎత్తు, వినపడే సామాను మరో ఎత్తు. కోనసీమలో కొబ్బరి చిప్పలకు కొదవ లేదు. రెండు చిప్పలు బల్ల మీద తాళం ప్రకారం కొడితే గుర్రం పరుగెత్తుకొస్తుంది. పొడవాటి రేకును వేలాడదీసి ఊపితే ఉరుము. చాటలో శనగలు అటూ ఇటూ దొర్లిస్తే వాన. రాక్షస పాత్రల ప్రవేశానికి కాగడా మీద గుగ్గిలం పొడి చల్లితే గుప్పున మంట లేస్తుంది. జనం ఒక్కసారి వెనక్కి జరుగుతారు.

ఈ గుగ్గిలం దగ్గర పరాచికాలు పనికిరావు. పైన తాటాకు పందిరి, పక్కన గుడ్డ తెరలు, మధ్యలో కాగితపు సామాను. అనుభవం ఉన్నవాళ్లు గాలివాటు చూసుకుని, పక్కన నీళ్ల బిందె, తడి గోనె పెట్టుకున్న తరువాతే పొడి చేతిలోకి తీసుకుంటారు. ఈ జాగ్రత్త ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు. ఒకరి పక్కన ఒకరు నిలబడి నేర్చుకున్నదే.

యంత్రాల సామానుకు సురభి పెట్టింది పేరు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు మొదలైన వారు 'కీచకవధ' ఆడటంతో ఆ సంప్రదాయం పుట్టింది. నారదుడు మేఘాల నుంచి దిగడం, ఎదురెదురుగా వచ్చిన బాణాలు ఢీకొని నిప్పురవ్వలు రాలడం సురభి నాటకాల్లో చూసినవారు జన్మలో మరచిపోరు. సన్నని తీగలు, కప్పీలు, సరిగా చూసుకున్న సమయం తప్ప అందులో వేరే మాయ లేదు. నటులే తెరలు రాస్తారు, సామాను చేస్తారు, దీపాలు చూస్తారు. నిన్న రాజుగా నిలిచినవాడు నేడు పైన తీగ పట్టుకుని కూర్చుంటాడు. సురభి బాబ్జీగా పేరొందిన నాగేశ్వరరావుకు 2013లో పద్మశ్రీ వచ్చింది. 2022లో ఆయన కన్నుమూశారు.

కాకినాడ సమీపంలోని మాధవపట్నం తోలుబొమ్మలది మరో దారి. అక్కడ సామానే నటుడు. మేకతోలును శుభ్రం చేసి, వెలుగు దూరేంత పలుచన చేసి, బొమ్మ గీసి, నగల చోట చిల్లులు పొడిచి రంగులు అద్దుతారు. బొమ్మ చేసినవాడే దాన్ని ఆడించి పద్యం పాడతాడు. చేసినవాడు, ఆడినవాడు ఒక్కడే కావడంతో పేరు ఎవరికి చెందాలన్న పేచీ అక్కడ లేదు.

వెలుగు పెరిగింది, గుట్టు బయటపడింది

పెట్రోమాక్స్ లైట్ల కాలంలో సామాను చేసేవాడికి చీకటి కొంత సాయం చేసేది. ఆ పసుపు వెలుగులో వెండికాగితం వెండిలాగే మెరిసేది. ముప్పై గజాల దూరం నుంచి చూసే కంటికి ఏది తెలియాలో దాన్ని పెద్దది చేసి, ఏది తెలియనక్కరలేదో దాన్ని వదిలేసేవారు. హారంలో రాళ్లు ఉసిరికాయలంత పెట్టడం అందుకే.

కరెంటు దీపాలు వచ్చాక అతుకులు కనిపించసాగాయి. వీడియోలు, ఆపైన సెల్‌ఫోన్లు వచ్చాక మరీ కష్టమైంది. వేదికకు బారెడు దూరంలో నిలబడి తీసిన బొమ్మలో కిరీటం వెనక అట్ట, గద మీద అక్షరాలు కూడా కనపడతాయి. దాంతో సమాజాలు ఫైబర్ గదలు, ప్లాస్టిక్ కిరీటాలు, ఫోమ్ షీటు కవచాల వైపు మళ్లాయి. అవి చవకగా దొరుకుతాయి, వానకు తడిసినా పాడవవు. వాటిని తప్పు పట్టడానికి లేదు. కాగితపు గద నీటికి ఓర్వదు. 1986 ఆగస్టు వరదను, 1996 నవంబరు తుపానును చూసిన నేల ఇది. డెల్టాలో సామాను పెట్టెను అటక మీద పెట్టేది కూడా అందుకే.

అయితే కొన్న గదకు ఓ లోపం ఉంది. అది అందరికీ ఒకే కొలత. భీముడు వేసే మనిషి పొడగరి అయినా పొట్టివాడైనా అదే గద. వెనుకటి మనిషి నటుడి చెయ్యి చూసి పిడి చేసేవాడు, తల చుట్టుకొలత తాడుతో కొలిచి కిరీటం కట్టేవాడు. విరిగితే ఆ రాత్రే అతికేవాడు. ప్లాస్టిక్ గద విరిగితే చెత్తకుప్పే గతి.

డ్రామా డ్రెస్సులు, సీనరీలు అద్దెకిచ్చే దుకాణాలు పట్టణాల్లో ఉన్నా వాటి గిరాకీ మారిపోయింది. ఊరూరా తెల్లవార్లూ ఆడే నాటకాలు తగ్గాయి. కృష్ణాష్టమికి చిన్నికృష్ణుడి వేషాలు, బడి వార్షికోత్సవాలకు ఝాన్సీరాణి కత్తులు, అల్లూరి సీతారామరాజు విల్లంబులే ఇప్పుడు ఎక్కువగా పోతున్నాయి. ఒక రకంగా అదీ మంచిదే. పిల్లల తల మీదైనా కిరీటం నిలిచి ఉంది.

మైకులో మంచం పేరు

నాటకం మధ్యలో మైకులో ప్రకటనలు వస్తాయి. మంచం ఇచ్చినవారికి కృతజ్ఞతలు. కుర్చీలు ఇచ్చినవారికి కృతజ్ఞతలు. కరపత్రంలో నటుల పేర్లు, హార్మోనిస్టు పేరు, మేకప్ చేసినవారి పేరు, చందాదారుల పేర్లు అచ్చవుతాయి. గద చేసినవాడి పేరు అందులోనూ ఉండదు, మైకులోనూ రాదు. అరువిచ్చిన మంచానికి దక్కిన మర్యాద వారం రోజులు ఎండలో కూర్చుని చేసిన గదకు దక్కలేదు.

అడిగితే ఆ పాత పనివాళ్లు దీన్ని పెద్ద కష్టంగా చెప్పుకోరు. నాటకం రాత్రి తమకూ రెండు అరటిపళ్లు, ఒక శాలువా దొరికితే చాలనుకున్నవాళ్లే ఎక్కువ. వాళ్లకు కూలి ఇంత అని ఎవరూ లెక్క కట్టలేదు. వారికి పొలం పనో, తడికల పనో, కొయ్య పనో మరొకటి ఉండేది. ఇది దాని పక్కన చేసిన పని. అందుకే చెప్పుకునేందుకు పేరు కూడా మిగల్లేదు. పేరు లేని పనిని కొడుకు నేర్చుకోలేదు. జిగురులో మైలుతుత్తం ఎంత వేయాలి, శివధనుస్సు మేకు ఎంత వదులుగా ఉండాలి, చీరల చుట్టను ఎటు నుంచి చుట్టాలి అన్న వివరాలు ఆ మనిషితో పాటే వెళ్లిపోతున్నాయి. ఒక పద్యం మరుపున పడితే పుస్తకం తీసి చూసుకోవచ్చు. ఈ పనికి పుస్తకం లేదు.

ఏం చేయవచ్చు?

ఇందుకు పెద్ద నిధులేమీ అక్కరలేదు. నాటకం వేసే ప్రతి సమాజం కరపత్రంలో సామాను చేసినవారి పేరు ఒక్క పంక్తి అచ్చు వేయించవచ్చు. ఉన్నత పాఠశాలల్లో వార్షికోత్సవానికి వేషం అద్దెకు తెచ్చే బదులు, ఊళ్లో పని తెలిసిన పెద్దవారిని పిలిచి వారం ముందు పిల్లల చేత కుండ మీద గద చేయించవచ్చు. పాత కాగితాలు, చింతగింజల పిండి, వెదురు ముక్క తప్ప ఖర్చు ఏముంది? సెల్‌ఫోన్లు గుట్టు బయటపెట్టాయని బాధపడే బదులు, అదే ఫోనుతో ఆ పని మొదటి నుంచి చివరి దాకా తీసి దాచవచ్చు.

వీరేశలింగం పంతులు పుట్టిన ఏప్రిల్ 16వ తేదీని తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకుంటున్నారు. ఆ రోజున నటులను, రచయితలను సత్కరించడం ఆనవాయితీ. ఇతరులు వదిలిన పాకలో నాటకం మొదలైన రాజమహేంద్రవరంలోనైనా, ఆ వేదిక మీద సామాను చేసిన మనిషిని కూడా ఒకరిని పిలిచి కుర్చీ వేస్తే బాగుంటుంది. డెల్టా ఊళ్ల అటకల మీద మిగిలిన పెట్టెలను దించి, ఏ వస్తువు ఎవరు చేశారో రాసి ఒకచోట భద్రపరచవలసిన అవసరం కూడా ఎంతైనా ఉంది.

తెల్లవారుజామున మంగళహారతి అయిపోతుంది. జనం చాపలు దులుపుకుని లేస్తారు. నలుగురు మనుషులు పందిరిమంచాన్ని జాగ్రత్తగా ఎత్తుకుని ఇంటికి చేరుస్తారు. దుర్యోధనుడు మీసం పీకి టీ తాగుతుంటాడు. సామాను మనిషి ఒక్కడే వేదిక మీద మిగిలి ఉంటాడు. శంఖం, మురళి, పించం లెక్క చూసుకుంటాడు. గదను పాత పంచెలో చుట్టి, రాత్రి అంటించిన వెండికాగితం ఊడలేదు కదా అని ఓసారి వేలితో తడిమి చూసి, పెట్టె మూత వేస్తాడు.